ఓడల లెక్క, మనుషుల లెక్క



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయనను విశాఖలోని మల్కాపురం, గాజువాక ప్రాంతాల్లో అందరూ ‘చీఫ్ గారు’ అనే పిలిచేవారు. నౌకాదళంలో ఇంజిన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా చేరి, చీఫ్‌గా రిటైరైన మనిషి. ఆ తర్వాత కూడా ఐటీఐ చదివిన కుర్రాళ్లను తన ఇంటి వరండాలో కూర్చోబెట్టుకుని పంపులు, వాల్వులు, బేరింగుల సంగతులు ఓపిగ్గా చెప్పేవారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆ వరండాలో నేర్చుకున్నవారు ఇవాళ డాక్‌యార్డులో, షిప్‌యార్డులో, మర్చంట్ నేవీలో ఉన్నారు. కొందరు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. ఆయన ఉద్యోగ జీవితమంతా ఓడ కింది అంతస్తులో, ఫొటోగ్రాఫర్లు దిగని చోట గడిచింది. ఆ కింది అంతస్తు నుంచి చూస్తే మన నౌకాదళం భవిష్యత్తు ఎలా కనిపిస్తుందో చెప్పడమే ఆయనకు నేను అర్పించగల నివాళి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఓడను జాతికి అంకితం చేసిన రోజున దళంలో ఒకటి పెరిగిందని లెక్కేసుకుంటాం. ఆ ఓడను నడిపే తర్ఫీదు పొందిన సిబ్బంది, వేళకు మరమ్మతు చేసే యార్డు, ఏటేటా అయ్యే ఖర్చుకు నిధులు సమకూరితే తప్ప ఆ లెక్క నిజమవదు. చేతిలో డబ్బు బిగుసుకున్నప్పుడు ముందుగా కోత పడేది సరిగ్గా ఈ మూడింటికే. కాబట్టి ఓడల సంఖ్య పెరుగుతున్న కాలంలోనే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

కొత్త ఓడల కాలం

2025 సంవత్సరం నౌకాదళానికి గొప్ప ఏడాది. జనవరి 15న ముంబైలో యుద్ధనౌకలు సూరత్, నీలగిరి, జలాంతర్గామి వాగ్‌షీర్ ఒకే రోజున చేరాయి. జూన్ 18న విశాఖలో ఐఎన్ఎస్ అర్నాలా, నెల తిరిగేసరికి జూలై 18న ఐఎన్ఎస్ నిస్తార్, ఆగస్టు 26న ఉదయగిరి, హిమగిరి చేరాయి. జూలై 1న రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో తమాల్ మన జెండా ఎత్తింది. విదేశాల్లో కట్టించుకునే చివరి యుద్ధనౌక అదేనని అధికారులు ప్రకటించారు. వీటిలో నిస్తార్ మన హిందుస్థాన్ షిప్‌యార్డు చేతిపని. నీట మునిగిన జలాంతర్గామిలో చిక్కుకున్నవారిని కాపాడే రెస్క్యూ వాహనానికి అది తల్లి ఓడ. 1948లో ‘జల ఉష’ను నీళ్లలోకి దించిన యార్డు ఇంత క్లిష్టమైన నౌకను కట్టగలగడం మనందరికీ గర్వకారణం.

2035 నాటికి 175 ఓడల దళంగా ఎదగాలన్నది నౌకాదళం లక్ష్యం. ఒకప్పుడు ఇదే లక్ష్యం 2027 నాటికి 200గా ఉండేది. ఈ రెండు అంకెల మధ్య తేడాకు కారణం ఏమిటో 2019 డిసెంబరులో నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ కరంబీర్ సింగ్ నౌకాదళ దినోత్సవం ముందు విలేకరుల సమావేశంలో దాపరికం లేకుండా చెప్పారు. రక్షణ బడ్జెట్‌లో నౌకాదళం వాటా 2012లో 18 శాతం ఉండగా అప్పటికి 13 శాతానికి పడిపోయిందన్నది ఆయన మాట. అంతకు కొద్ది నెలల ముందు వరకు ఆయన విశాఖలోనే తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్నారు. బంగాళాఖాతంలో ఏ పనికి ఎన్ని ఓడలు కావాలో స్వయంగా చూసిన మనిషి చెప్పిన లెక్క అది.

2025-26లో రక్షణ శాఖకు కేటాయించింది రూ. 6.81 లక్షల కోట్లు. చూడటానికి పెద్ద మొత్తమే. అందులో పెన్షన్లకే సుమారు రూ. 1.61 లక్షల కోట్లు. పెన్షన్ ఆపకూడదు, ఆపడం న్యాయమూ కాదు. జీతాలు ఆగవు. ఇప్పటికే కట్టడం మొదలైన ఓడలకు దశలవారీగా చెల్లించాల్సిన వాయిదాలూ ఆగవు. ఇవన్నీ పోగా చేతిలో మిగిలిన దానిలోంచే స్పేర్లు కొనాలి, రిఫిట్లు, అంటే ఓడను యార్డులో పెట్టి చేసే పెద్ద మరమ్మతులు, చేయించాలి, సముద్రంలో తర్ఫీదు రోజులకు ఇంధనం పోయించాలి. ఎక్కడైనా తగ్గించాలంటే అధికారి చేతికి అందేది ఈ పద్దే. రిఫిట్‌ను ఆరు నెలలు వెనక్కి జరిపితే ఆ సంవత్సరం ఎవరికీ ఏ తేడా కనిపించదు. బాకీ మాత్రం ఓడ పొట్టలో పేరుకుంటూ ఉంటుంది.

వాయిదా వేస్తే ఏమవుతుంది

2014 ఫిబ్రవరి 26న ముంబైకి దూరంగా సముద్రంలో ఉన్న జలాంతర్గామి సింధురత్నలో మంటలు లేచాయి. ఇద్దరు యువ అధికారులు ప్రాణాలు కోల్పోయారు. నైతిక బాధ్యత వహిస్తూ నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి ఆ రోజే రాజీనామా చేశారు. అంతకు ఆరు నెలల ముందే, 2013 ఆగస్టు 14న, మరో జలాంతర్గామి సింధురక్షక్ ముంబై డాక్‌యార్డులో పేలిపోయి 18 మంది చనిపోయారు. రెండు ప్రమాదాల కారణాలు ఒకటి కావు. అయితే ఆ కాలంలో మన జలాంతర్గాముల పరిస్థితి ఏమిటో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లలో 24 జలాంతర్గాములు కట్టాలన్న ప్రణాళికకు 1999లోనే ఆమోదం దొరికింది. ఆరు స్కార్పీన్ తరగతి జలాంతర్గాముల ఒప్పందం 2005లో కుదిరింది. వాటిలో మొదటిది కల్వరి 2017 డిసెంబరులో, ఆరోది వాగ్‌షీర్ 2025 జనవరిలో చేరాయి. కొత్తవి రావడం ఆలస్యమైన కొద్దీ పాతవాటి మీద భారం పెరిగింది.

ఇందులో డబ్బుతో పాటు చేతినైపుణ్యం కథ కూడా ఉంది. 1980ల్లో మజగావ్ డాక్ కార్మికులు, ఇంజినీర్లు జర్మనీ వెళ్లి జలాంతర్గామి ఉక్కు దేహాన్ని వెల్డింగ్ చేయడం నేర్చుకొచ్చారు. శల్కి, శంకుల్ అనే జలాంతర్గాములు కట్టారు. 1994లో శంకుల్ చేరాక ఆ పని ఆగిపోయింది. తర్వాతి ఒప్పందం పదకొండేళ్లకు గానీ రాలేదు. ఆలోగా నేర్చినవారు రిటైరయ్యారు, వేరే పనుల్లోకి వెళ్లారు. స్కార్పీన్ల నాటికి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. మన విశాఖలోనూ అలాంటి అనుభవమే ఉంది. 2006లో హిందుస్థాన్ షిప్‌యార్డుకు రిఫిట్ కోసం వచ్చిన జలాంతర్గామి సింధుకీర్తి 2015లో గానీ బయటపడలేదు. తొమ్మిదేళ్లు ఆ ఓడ దళం లెక్కలో ఉంది, సముద్రంలో లేదు. అదే యార్డు ఇప్పుడు నిస్తార్ కట్టింది. ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పుల కోసం 2023 ఆగస్టులో సుమారు రూ. 19,000 కోట్ల ఒప్పందం చేసుకుంది. యార్డుకు వరుసగా పని ఉంటే నైపుణ్యం నిలుస్తుంది. ఆర్డరుకూ ఆర్డరుకూ మధ్య పదేళ్ల ఎడం వస్తే భవనాలు, క్రేన్లు మిగులుతాయి గానీ పనివాడు మిగలడు.

యుద్ధాలు, ఆంక్షలు వచ్చినప్పుడు మరమ్మతు చేయగలిగిన చేతుల విలువ ఇంకా తెలిసొస్తుంది. మన డిస్ట్రాయర్లలో చాలావాటికి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలైవ్ నుంచి వచ్చాయి. 2022లో యుద్ధం మొదలయ్యాక అక్కడి నుంచి సరఫరా చిక్కుల్లో పడింది. ఆ టర్బైన్లను విప్పి, బాగుచేసి, పరీక్షించే కేంద్రం విశాఖలోనే ఉంది. పేరు ఐఎన్ఎస్ ఏకశిల, మన ఓరుగల్లు పాత పేరు. ఆ వర్క్‌షాపులో టర్బైన్ బ్లేడు అంచును వేలితో తడిమి, వెలుతురుకు ఎత్తి చూసి, పగులు పట్టుకునే సాంకేతిక నిపుణుడి మీద ఒక డిస్ట్రాయర్ సముద్రంలోకి వెళ్లడమా మానడమా అన్నది ఆధారపడి ఉంటుంది. ఏ కొత్త ఓడ ఆవిష్కరణలోనూ ఆయన పేరు వినిపించదు.

ఎవరికీ పట్టని చిన్న ఓడలు

కోతల కాలంలో మరో నష్టం చిన్న ఓడలకు జరుగుతుంది. సోవియట్ యూనియన్ నుంచి 1978-88 మధ్య మనం పన్నెండు మైన్‌స్వీపర్లు తెచ్చుకున్నాం. సముద్రంలో శత్రువు అమర్చిన మైన్లను వెతికి తొలగించి, రేవు దారిని తెరిచి ఉంచడం వాటి పని. వాటిలో ఒకదాని పేరు కాకినాడ. 2017లో దాన్ని సేవల నుంచి తప్పించారు. 2019 ఏప్రిల్‌లో చివరిదైన కోజికోడ్ కూడా వెళ్లిపోయింది. కొత్తగా పన్నెండు ఓడలు గోవా షిప్‌యార్డులో కట్టాలని దక్షిణ కొరియా కంపెనీతో ఏళ్ల తరబడి సాగిన చర్చలు 2018లో తెగిపోయాయి. కోజికోడ్ వెళ్లిపోయినప్పటి నుంచి ఇంత పెద్ద తీరమున్న దేశానికి ఒక్క మైన్‌స్వీపర్ కూడా లేకుండా పోయింది. 2025 జూలైలో రక్షణ కొనుగోళ్ల మండలి ఈ తరహా నౌకలు అవసరమని ఆమోదించింది. ఆమోదం నుంచి ఒప్పందానికి, ఒప్పందం నుంచి ఓడకు ఇంకా చాలా దూరం ఉంది.

విశాఖవాసులకు ఈ విషయం తీవ్రత వేరే చెప్పనక్కర్లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండను ఆనుకుని లోపలి రేవులోకి వెళ్లే కాలువ ఎంత ఇరుకో ఫిషింగ్ హార్బర్ దగ్గర నిలబడ్డ ఎవరికైనా తెలుసు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ ఈ తీరానికి వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతకడానికే కాదు, తూర్పు తీరంలో మైన్లు వేయడానికి కూడా. అది మన ముంగిట్లోనే మునిగింది. ఇలాంటి కాలువలో ఎవరైనా మైన్లు వేస్తే లోపలున్న పెద్ద ఓడలు ఎంత ఖరీదైనవైనా కట్టేసినట్టే. మైన్‌స్వీపర్ ప్రారంభోత్సవానికి జనం రారు, టీవీ కెమెరాలు రావు. అయినా అది లేని లోటు తెలిసిన రోజున మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది.

వాచ్ మీద ఉన్న మనిషి

ఇక మనుషుల సంగతి. 2023లో ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం అప్పటికి నౌకాదళంలో 12,428 ఖాళీలుండేవి. అందులో వైద్యాధికారులవి కాక అధికారుల పోస్టులు 1,653, నావికుల పోస్టులు 10,746. ఈ అంకెను దస్త్రంలో చదివితే ఒకలా ఉంటుంది, ఇంజిన్ రూమ్‌లో నిలబడి చూస్తే మరోలా ఉంటుంది.

ఓడ కదులుతున్నంత సేపూ ఇంజిన్ రూమ్‌లో వాచ్ ఆగదు. సిబ్బంది సరిపడా ఉంటే మూడు జట్లు ఉంటాయి. నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విరామం. ఆ విరామంలోనే తిండి, నిద్ర, బట్టలు ఉతుక్కోవడం, ఫైర్ డ్రిల్, తన వాటా యంత్రాల మరమ్మతు. మనుషులు తగ్గితే జట్లు రెండవుతాయి. అప్పుడు రోజులో సగం డ్యూటీలోనే గడుస్తుంది. మిగతా పనులేవీ తగ్గవు కనుక తగ్గేది నిద్ర. వేడి, నూనె వాసన, చెవులు దిబ్బళ్లు వేసే మోత. తెల్లవారుజామున మూడింటికి డీజిల్ పైపు జాయింటు దగ్గర సన్నగా చెమర్చిన తడి నిద్ర చాలని కంటికి ఆనదు. ఆ తడి తుంపరై కాలుతున్న ఎగ్జాస్ట్ పైపు మీద పడితే క్షణంలో మంట. చీఫ్ గారు తన శిష్యులకు అన్నిటికన్నా ముందు నేర్పింది ఇదే: ప్రతి రౌండులో పైపు జాయింట్లను కంటితోనూ చేత్తోనూ చూడాలి, పంపు మీద అరచెయ్యి ఆనించి అదురు తేడాగా ఉందేమో గమనించాలి. ఆ అలవాటు మనిషికి పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది.

సిబ్బంది కొరత మనొక్కరిదే కాదు. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా డిస్ట్రాయర్ జాన్ ఎస్. మెకెయిన్ ఒక చమురు ట్యాంకరును ఢీకొని పదిమంది నావికులు చనిపోయారు. ఆ ఓడ బ్రిడ్జ్ మీద పనిచేస్తున్న కొందరు వేరే ఓడ నుంచి తాత్కాలికంగా తెచ్చినవాళ్లు. మెకెయిన్‌లోని స్టీరింగ్ కన్సోల్ మీద వాళ్లకు సరైన తర్ఫీదు లేదు. నియంత్రణ ఒక స్క్రీన్ నుంచి మరో స్క్రీన్‌కు మారిందని గుర్తించలేక, స్టీరింగ్ పోయిందనుకున్నారు. దర్యాప్తులో అలసట, తర్ఫీదు లోపం రెండూ బయటపడ్డాయి. అంతకు రెండు నెలల ముందు జపాన్ తీరానికి దగ్గరలో మరో అమెరికా డిస్ట్రాయర్ ఫిట్జ్‌జెరాల్డ్ ఢీకొన్న ప్రమాదంలో ఏడుగురు పోయారు. ఆస్ట్రేలియా తన ఫ్రిగేట్ పెర్త్‌ను 2017లో నావికులు లేక ఒడ్డుకు ఎక్కించి ఉంచింది. ఒకప్పుడు సముద్రాలను ఏలిన బ్రిటన్ 2024 నవంబరులో ఆల్బియన్, బుల్వార్క్ అనే రెండు పెద్ద ఓడలను వదిలించుకుంటున్నట్టు ప్రకటించింది. అప్పటికే అవి సముద్రం మొహం చూడకుండా రేవులో పడి ఉన్నాయి. ఆ దేశపు సరఫరా నౌక ఫోర్ట్ విక్టోరియాకు నడిపే సిబ్బందే కరవయ్యారు.

దీనికి యంత్రాలే పరిష్కారమని కొందరు అంటారు. ఆటోమేషన్ వల్ల మేలు తప్పకుండా ఉంది. అయితే అమెరికా చేసిన ప్రయోగం కూడా చూడాలి. లిటోరల్ కాంబాట్ షిప్ అనే తరగతి ఓడలకు మొదట కేవలం 40 మంది ప్రధాన సిబ్బంది చాలనుకున్నారు. పని భారం మోయలేక ఆ సంఖ్యను పెంచుతూ పోయారు. ఓడలోనే చేసుకోవలసిన మరమ్మతులు ఒడ్డున కాంట్రాక్టర్ల మీద ఆధారపడ్డాయి. 2018లో చేరిన సూ సిటీ ఓడను 2023లోనే సేవల నుంచి తప్పించారు. ఓడ ఎక్కే మనిషి తగ్గితే ఒడ్డున మనిషి పెరగాలి. ఆ రెండో మనిషికి డబ్బు కేటాయించకుండా మొదటి మనిషిని తీసేస్తే ఓడ నిలవదు.

నాలుగేళ్ల నావికుడు

ఈ నేపథ్యంలో అగ్నిపథ్‌ను ఆలోచించాలి. 2022లో మొదలైన ఈ పథకం కింద చేరినవారు నాలుగేళ్లు పనిచేస్తారు, వారిలో 25 శాతం వరకు కొనసాగుతారు. తొలి జట్టు సుమారు 2,600 మంది 2023 మార్చి 28న ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో తర్ఫీదు పూర్తి చేశారు. వయసు తక్కువ దళం కావాలన్నా, పెన్షన్ భారం తగ్గాలన్నా ఈ పథకానికి ఒక తర్కం ఉంది. కానీ ఓడ పని వేరు. చిల్కాలో మొదటి తర్ఫీదు అయ్యాక యంత్రాలవారు లోనావాలాలోని ఐఎన్ఎస్ శివాజీకి, విద్యుత్తు పనివారు జామ్‌నగర్‌లోని ఐఎన్ఎస్ వల్సూరాకు వెళ్లి నేర్చుకుంటారు. జలాంతర్గాములకు వెళ్లేవారు విశాఖలోని ఐఎన్ఎస్ శాతవాహనలో చదువుకుంటారు. ఆపై ఓడలో ఒకరి పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఆ కుర్రాడి చెయ్యి తిరిగే వేళకు నాలుగేళ్లు నిండుతాయి. సాంకేతిక విభాగాల్లో నాలుగింట ఒక వంతునే ఉంచుకుంటే, మిగతావారికి నేర్పిన ఖర్చు బయటి కంపెనీలకు ధారపోసినట్టే. ఈ విభాగాల్లో ఉంచుకునే శాతం బాగా పెంచాలి, లేదా కాలపరిమితి పొడిగించాలి. పెన్షన్‌లో మిగిలిన రూపాయి ఒక ఇంజిన్ రూమ్ ప్రమాదంలో ఎన్ని రెట్లయి పోతుందో లెక్క వేయాలి.

మనుషులు చాలడం లేదంటున్న దళం సగం జనాభాను చాలాకాలం దూరంగా ఉంచింది. ఆ తలుపు ఇప్పుడు తెరుచుకుంటోంది. 2017-18లో ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే చిన్న తెరచాప పడవలో భూగోళం చుట్టి వచ్చారు. వారిలో హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి ఉన్నారు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పుతో నౌకాదళంలో మహిళలకు పర్మనెంట్ కమిషన్ దక్కింది. అగ్నివీర్ల తొలి జట్టులో 270 మందికి పైగా యువతులున్నారు. లెఫ్టినెంట్ కమాండర్ ప్రేరణ దేవస్థలీ యుద్ధనౌక ఐఎన్ఎస్ త్రింకట్ పగ్గాలు చేపట్టారు. ఇక చేయాల్సింది ఓడ డిజైన్‌లోనే వారికి వసతి పెట్టడం, పెళ్లి, పిల్లల తర్వాత కూడా వృత్తిలో కొనసాగేలా బదిలీలు ఏర్పాటు చేయడం. సౌకర్యాల కోసం అడిగే ఆ కొద్దిపాటి ఖర్చు పెద్ద పెట్టుబడి.

చేయగలిగినవి

చైనా దగ్గర 370కి పైగా యుద్ధనౌకలున్నాయనీ, మనం సంఖ్యలో వెనకబడితే ఎలాగనీ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సంఖ్యలో వాళ్లను అందుకోవడం మన బడ్జెట్‌తో అయ్యే పని కాదు. మన సముద్రంలో మనకు ఉన్న ఓడల్లో పిలిచిన గంటకు కదలగలిగినవి ఎన్ని అన్నదే మన బలం. అందుకు నాకు తోచిన కొన్ని సూచనలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, ఒక ఓడకు అనుమతి ఇచ్చే కాగితం మీదే దాని సిబ్బంది సంఖ్య, వారి తర్ఫీదు, ముప్పై ఏళ్ల రిఫిట్లు, స్పేర్ల ఖర్చు కూడా రాయాలి. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదని మన పెద్దలు చెప్పింది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

రెండోది, రిఫిట్ నిధులను మరో పద్దుకు మళ్లించడానికి వీల్లేని ఏర్పాటు ఉండాలి. ఏ ఓడ రిఫిట్ ఎన్ని నెలలు ఆలస్యమైందో పార్లమెంటు స్థాయీ సంఘానికి ఏటా తెలియాలి. రహస్యం కావలసిన వివరాలు రహస్యంగానే చెప్పవచ్చు.

మూడోది, మైన్‌స్వీపర్లు, సరఫరా నౌకలు, టగ్గులు వంటి చిన్న ఓడల కోసం ఒక వాటాను విడిగా కేటాయించాలి. పెద్ద ఓడలతో పోటీ పెడితే అవి ఎన్నడూ గెలవవు. మైన్ల పనిలో మనిషి లేని పడవలను వాడటం మంచిదే. వాటిని నడిపే, బాగుచేసే జట్టును కూడా ముందే సిద్ధం చేయాలి.

నాలుగోది, పాత ఓడలను వేళకు సాగనంపే ధైర్యం ఉండాలి. 1980లో చేరిన డిస్ట్రాయర్ రాజ్‌పుత్ 2021 మేలో విశాఖలో జెండా దించినప్పుడు దానిలో పనిచేసిన ఎందరో కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ అనుబంధం నాకు తెలుసు. విమానవాహక నౌక విరాట్‌ను విశాఖలో మ్యూజియంగా నిలపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రయత్నించినా ఖర్చు ముందు ఆ కోరిక నిలవలేదు. ఓడ 2020లో పాత ఓడలను విరిచే అలంగ్ తీరానికి వెళ్లింది. ప్రేమతో పాత ఓడను ఇంకో ఐదేళ్లు సాగదీస్తే దానిలోని అనుభవజ్ఞులు కొత్త ఓడకు అందకుండా పోతారు. మిగిలిన కొద్దిమందినీ రెండింటికీ పంచాల్సి వస్తుంది.

ఐదోది ఈ ఊరికి సంబంధించినది. రాంబిల్లి దగ్గర కొత్త నౌకా స్థావరం వస్తోంది. షిప్‌యార్డుకు ఆర్డర్లున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ ఇంజినీరింగ్ శాఖ ఉంది. ఉత్తరాంధ్ర పాలిటెక్నిక్‌లు, ఐటీఐలలో నౌకా వెల్డింగ్, పైప్ ఫిట్టింగ్, గ్యాస్ టర్బైన్ మరమ్మతు నేర్పే కోర్సులు నౌకాదళం, యార్డులతో కలిసి మొదలుపెట్టాలి. రిటైరైన ఆర్టిఫిసర్లను వాటిలో బోధకులుగా తీసుకోవాలి. డిగ్రీ లేదన్న కారణంతో వారిని బయట నిలబెట్టకూడదు. వారికి తెలిసినది పుస్తకాల్లో దొరకదు.

విద్యార్థులకు ఒక మాట. నౌకాదళం అంటే తెల్ల యూనిఫారం, డెక్ మీద కవాతు మాత్రమే అనుకోకండి. యంత్రం గుట్టు తెలిసినవారికి, ఓపిగ్గా నేర్చుకునేవారికి అక్కడ గౌరవమైన చోటుంది. రాబోయే పదేళ్లలో కొత్త ఓడలు అటూ ఇటూగా వస్తూనే ఉంటాయి. వాటిని నడిపే చేతుల కోసమే దళం వెతుక్కుంటుంది. ఆ చేతులు మీవి కావాలి.

పాలకులకు, అధికారులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే బడ్జెట్‌లో ఒక కొత్త ఓడ, ఉన్న ఓడల రిఫిట్లు, సిబ్బంది తర్ఫీదు అనే మూడింటిలో ఒకటి ఆపాల్సి వస్తే, ఆ కొత్త ఓడను ఏడాది ఆపండి. ఉన్నవాటిని కదిలించగలిగే స్థితిలో ఉంచండి, నేర్చిన మనిషిని వదులుకోకండి. ఓడ ఏడాది ఆలస్యంగా వచ్చినా సర్దుకోవచ్చు. పదిహేనేళ్ల అనుభవమున్న ఆర్టిఫిసర్‌ను తయారు చేయడానికి మాత్రం పదిహేనేళ్లే పడుతుంది, ఎంత డబ్బు పోసినా అంతకన్నా తొందరగా తయారవడు.